రెండు ఎరుపులు

ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు తోటల్లో, కంచెల మీదా గోడల మీదా ట్రంపెట్ క్రీపర్ అనే తీగ అల్లుకొని ఉంటుంది. ఇది మన ఆకాశమల్లె కుటుంబానికి చెందినదే. దాని పూలు ఎరుపు నారింజ కలిసిన రంగులో, చిన్న బూరల్లా ఉంటాయి. వేసవిలో ఆ పూల ముందు గాలిలో నిలిచి తేనె తాగే పక్షి కెంపుగొంతు హమ్మింగ్ పక్షి. దాని బరువు సుమారు 3 గ్రాములే. రెక్కలను సెకనుకు 50 సార్లు ఆడిస్తుంది!

పువ్వు ఎరుపు, మగపక్షి గొంతూ ఎరుపే. మరి ఈ రెండు ఎరుపులూ ఒకటేనా?

కానే కాదు. మందార రేకును కాగితం మీద రుద్దండి, మరక పడుతుంది. రేకులోని వర్ణక ద్రవ్యమే దానికి కారణం. ట్రంపెట్ పువ్వు రంగు కూడా వర్ణకాల వల్ల వచ్చినదే. ఇప్పుడు రాలిన నెమలి ఈకను రుద్ది చూడండి. ఆ నీలం కాగితానికి అంటదు. హమ్మింగ్ పక్షి గొంతు కూడా అటువంటిదే. ఆ ఈకల్లో ఎర్రని వర్ణకం లేదు. వాటిలోని అతి పలుచని పొరల నుండి పరావర్తనం చెందిన కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి ఎరుపును బలపరుస్తాయి. సబ్బు బుడగ మీద రంగులు కనిపించేదీ ఇలాగే. అందుకే పక్షి తల కాస్త తిప్పితే చాలు, కెంపు మాయమై గొంతు నల్లగా కనిపిస్తుంది. పువ్వు మాత్రం ఎటు నుండి చూసినా ఎరుపే.

ఈ రంగుల పనులూ వేరు. గొంతు మెరుపు ఆడపక్షి కోసం, పువ్వు ఎరుపు పక్షి కోసం. తేనెటీగలకు ఎరుపు సరిగా కనిపించదు. అవీ ఈ పూల మీద వాలుతాయి గాని, 1982లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం ఒక్కో రాకలో హమ్మింగ్ పక్షి వాటికి పది రెట్లు పుప్పొడిని కీలాగ్రం మీద చేరుస్తుంది. తేనె గొట్టం అడుగున ఉంటుంది కనుక పక్షి తల లోపలికి దూర్చాలి. అప్పుడు కేసరాలు దాని నుదుటికి తగులుతాయి. కీలాగ్రానికి రెండు తమ్మెలుంటాయి. తాకగానే పుస్తకంలా మూసుకుంటాయి! చూసి తీరవలసిన విషయం.

ఈ బేరంలో పక్షికీ లాభం ఉంది. శరదృతువులో అది పూలతేనె, చిన్న పురుగులు తిని కొవ్వు పెంచుకుని, దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది. ఆ కొవ్వే ఇంధనంగా ఎన్నో పక్షులు మెక్సికో సింధుశాఖ మీదుగా సుమారు 800 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఎగురుతాయి.

మన దేశంలో హమ్మింగ్ పక్షులు లేవు. మనవాళ్లు పొరపాటున ఆ పేరుతో పిలిచేది తేనెపిట్టను. అయితే మగ ఊదా తేనెపిట్ట మెరుపు కూడా ఈ జాతి మెరుపే. నీడలో నల్లగా, ఎండలో నీలంగా, ఊదాగా కనిపిస్తుంది. ఈసారి మీ పెరటి మందార దగ్గరికి వచ్చినప్పుడు, ఎండ ఎటు నుండి పడితే ఏ రంగు కనిపించిందో నోటు పుస్తకంలో రాసుకోండి.