ఒకే స్విచ్చి, వేర్వేరు దారులు

2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పంచాయతీలలో ఇంటిపన్ను లెక్కలు, జనన మరణముల నమోదు నేడు కంప్యూటరుపై సాగుచున్నవి. కార్యాలయపు కంప్యూటరును, ప్రజలు వాడు గ్రంథాలయపు కంప్యూటరును ఒకే స్విచ్చికి తగిలించుట కలదు. స్విచ్చి యనగా దీపపు మీట కాదు. తీగలన్నియు వచ్చి చేరు పెట్టె. అందు ఒక యంత్రము అందరికని పంపు పిలుపు అన్నిటికిని చేరును. గ్రంథాలయపు యంత్రమునకు వైరస్ సోకినచో అది పన్ను లెక్కల తలుపును తట్టగలదు.

దీనికి విరుగుడు వీలాన్. కొత్త తీగలు లాగ నక్కరలేదు. స్విచ్చి రంధ్రములలో కార్యాలయమునకు 10 అనియు, గ్రంథాలయమునకు 20 అనియు సంఖ్య నిచ్చినచో ఒకరి పిలుపు మరియొకరికి చేరదు. రెండు స్విచ్చుల నడుమ ఒకే తీగపై సాగునపుడు ప్రతి సమాచారపు పొట్లమునకు ఆ సంఖ్య చీటీవలె అంటింపబడును. 1998లో ఐఈఈఈ సంస్థ ప్రకటించిన 802.1క్యూ ప్రమాణ మిదియే. 1 మొదలు 4094 వరకు సంఖ్యలు వాడవచ్చును. గద్వాల చీరలో నూలు ఒడలు, పట్టు అంచు వేరైనను చీర యొకటే గదా!

అయితే విభాగముల నడుమ రూటరును అడ్డులేక తెరచి యుంచినచో శ్రమయంతయు వ్యర్థము. ఏది దేనితో మాటలాడవచ్చునో అందు నియమము వ్రాయింపవలెను. చౌకరకపు స్విచ్చులలో సాధారణముగా ఈ సౌకర్య ముండదు. కావున కొనుగోలు తీర్మానమందు ‘వీలాన్ గల మేనేజ్డ్ స్విచ్చి’ యని స్పష్టముగా వ్రాయుడు. అమర్చినవాడు పోవుటకు ముందే, పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మార్పించుడు.