తుప్పు పట్టుకుంటుంది, కార్బొనేట్ విడిపిస్తుంది

ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, శాలిబండ... మన పాతబస్తీలో ఎక్కడ బోరు వేసినా కొంత లోతుకు పోయాక తగిలేది గ్రానైటే. గ్రానైట్‌లో సహజంగానే కొంచెం యురేనియం ఉంటుంది. సగటున టన్ను రాయికి 4 గ్రాముల దాకా. కంగారు పడకండి ఫ్రెండ్స్, ప్రపంచంలో ఏ గ్రానైట్‌లోనైనా ఎంతో కొంత ఉంటుంది. మనం చూడాల్సింది ఆ రాయిలోంచి నీళ్లలోకి వచ్చిన యురేనియం ఏమవుతుందనేది. నీళ్లతోనే ప్రయాణిస్తుందా, దారిలో ఏదైనా ఖనిజానికి అంటుకుని ఆగిపోతుందా?

ఈ అంటుకోవడానికీ రేడియోధార్మికతకీ సంబంధం లేదు. రేడియోధార్మికత కేంద్రకంలో జరిగే పని, అంటుకోవడం బయటి ఎలక్ట్రాన్‌ల పని. పైగా యురేనియం-238 అర్ధాయువు దాదాపు 450 కోట్ల ఏళ్లు, అంత నెమ్మది. అందుకే తాగే నీళ్లలో దాని రేడియేషన్ కంటే, ఒక భారలోహంగా కిడ్నీలకు చేసే హాని గురించే ఎక్కువ భయపడతారు.

ఆక్సిజన్ ఉన్న నీళ్లలో యురేనియం ఒంటరిగా తిరగదు. రెండు ఆక్సిజన్‌లను వెంటేసుకుని యురానైల్ అనే ధనావేశ అయాన్‌గా ఉంటుంది. దీన్ని పట్టుకోవడంలో ఐరన్ ఆక్సైడ్, అంటే మన తుప్పు, చాలా గట్టిది. ఎర్రమట్టికి రంగు ఇచ్చేది కూడా ఈ జాతి ఖనిజాలే. వాటిలో ఫెర్రిహైడ్రైట్ రేణువులు ఎంత సన్నగా ఉంటాయంటే, ఒక్క గ్రాము ఉపరితలమే 200 చదరపు మీటర్లు దాటుతుంది. అంతటా ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు. నీళ్లు బాగా ఆమ్లంగా ఉంటే ఆ చోట్లన్నీ హైడ్రోజన్‌తో నిండి యురానైల్‌కి సీటు దొరకదు. పీహెచ్ 5, 6 దాటాక హైడ్రోజన్ దిగిపోతుంది, యురానైల్ ఎక్కుతుంది. గోడకి దుమ్ము పట్టినట్టు కాదు, ఆక్సిజన్ మీదుగా ఇనుముతో నిజంగానే బంధం వేసుకుంటుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ మన బోరు నీళ్లు బకెట్ అంచున తెల్లగా పొర కడతాయి కదా, అదే కథ తిప్పేస్తుంది. ఆ నీళ్లలో బైకార్బొనేట్, కాల్షియం ఎక్కువ. మూడు కార్బొనేట్‌లు యురానైల్‌ని చుట్టేస్తే మొత్తం రుణావేశం అయిపోతుంది, రెండు కాల్షియంలు కూడా చేరితే అసలు ఆవేశమే ఉండదు. అప్పుడు తుప్పు పక్కనుంచే వెళ్లినా పెద్దగా పట్టుబడదు. సీఎస్ఈ భాషలో, ఒకే రిసోర్స్ కోసం రెండు ప్రాసెస్‌లు కొట్టుకుంటే కార్బొనేట్ గెలుస్తుంది.

ఇదే కెమిస్ట్రీ మీద ఒక ఫ్యాక్టరీయే నడుస్తోంది! కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం సున్నపు జాతి రాయిలో ఉంది. ఆమ్లం పోస్తే ఆ రాయే తాగేస్తుంది. అందుకని యూసీఐఎల్ అక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో, వేడి, ఒత్తిడి పెట్టి యురేనియాన్ని బయటికి లాగుతుంది. మిగిలిన బురద చెరువులోకి పోతుంది. చుట్టుపక్కల రైతులు బోర్లు, పంటలు పాడయ్యాయని ఏళ్లుగా చెబుతున్నారు, సంస్థ కాదంటోంది. కార్బొనేట్ ఉన్న నీళ్లలో యురేనియం సులువుగా కదులుతుంది కాబట్టి, ఆ చెరువు అడుగు ఎంత గట్టిగా ఉందన్నది చిన్న విషయం కాదు.

మన ఇంటి కుళాయికీ దీనితో లింక్ ఉంది. హైదరాబాద్‌కి కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వస్తాయి. ఆ జలాశయం దగ్గర్లోనే లంబాపూర్, పెద్దగట్టు యురేనియం నిక్షేపాలు ఉన్నాయి. 2003లో పెద్దగట్టు గని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు జనం గట్టిగా వ్యతిరేకించారు.

చాలామంది టీడీఎస్ మీటర్ ముంచి చూసి నీళ్లు ఓకే అనేస్తారు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా వేస్తుంది, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ యురేనియానికి పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. అంత చిన్న అంకె ఆ మీటర్‌లో కనిపించదు, ల్యాబ్‌లో విడిగా అడిగి పరీక్ష చేయించాలి. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ యురేనియం ఆవిరవదు. ఆర్వో చాలావరకు ఆపుతుంది, ఆపినదాన్ని పక్క పైపులోంచి వదిలేసే నీళ్లలోకి పంపేస్తుంది.