ఎండను పట్టే పొర చెమ్మకు నిలిచేదెలా?



వానాకాలంలో మన పెద్దాపురం ఇళ్లలో బెల్లం డబ్బా మూత సరిగా పెట్టకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. ముక్కలు చెమ్మగిల్లి జిగటగా మారతాయి. సౌర విద్యుత్తులో శాస్త్రవేత్తలను వేధిస్తున్న ఒక చిక్కు కూడా ఇలాంటిదే. ఈ నెల మీ పిల్లలతో దాని గురించి మాట్లాడండి.

మన డాబాల మీద కనిపించే సోలార్ ప్యానెళ్లు చాలావరకు సిలికాన్‌తో చేసినవి. పెరోవ్‌స్కైట్ అనే కొత్తరకం పదార్థాన్ని ద్రావణంగా కలిపి, గాజు మీద రంగులా పల్చగా పూయవచ్చు. 2009లో జపాన్‌లో మియాసాకా బృందం చేసిన సెల్ తన మీద పడిన ఎండలో 3.8 శాతాన్నే కరెంటుగా మార్చింది. ఇప్పుడు ప్రయోగశాలల్లో అది 26 శాతం దాటింది.

మరి మన ఇళ్ల మీదకు ఇంకా ఎందుకు రాలేదు? మన్నిక చాలక. తేమ తగిలితే స్ఫటికం విడిపోతుంది. ఎండను బాగా పీల్చే నల్లని పొర పసుపుపచ్చని లెడ్ అయొడైడ్‌గా మారుతుంది. వేడి కూడా దాన్ని దెబ్బతీస్తుంది.

దీనికి మూడు దారులు:

1. కూర్పు మార్చడం: వేడికి తొందరగా విడిపోయే మిథైల్ అమ్మోనియం బదులు ఫార్మమిడినియం, సీజియం వాడతారు.

2. పై పొర మార్చడం: హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు ఖరీదైన బంగారం బదులు కార్బన్ పొర వాడి, తేమకు, వేడికి బాగా తట్టుకునే సెల్స్ తయారుచేశారు.

3. గట్టిగా మూయడం: రెండు గాజుల మధ్య పెట్టి అంచులు సీలు చేస్తారు. తేమ లోపలికి పోదు, లోపలి సీసం బయటికి రాదు.

తర్వాత 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచి పరీక్షిస్తారు. అంటే దాదాపు 42 రోజులు.

ఇంట్లో చేసి చూడండి: ఒకే సైజు బెల్లం ముక్కలు రెండు తీసుకోండి. ఒకటి పళ్లెంలో, ఒకటి మూత బిగించిన డబ్బాలో ఉంచండి. నాలుగు రోజులపాటు మార్పులను పిల్లలచేత రాయించండి.

ఒక లెక్క: ఏటా 20 యూనిట్ల చొప్పున 25 ఏళ్లు ఇచ్చే ప్యానెల్, ఏటా 26 యూనిట్ల చొప్పున రెండేళ్లే ఇచ్చే ప్యానెల్ ఉన్నాయనుకుందాం. మొత్తం 500 యూనిట్లు ఎక్కడ, 52 ఎక్కడ?

డాబా మీద సోలార్ పెట్టించే ఆలోచన ఉన్నవారు కొత్తరకం కోసం ఆగనక్కర్లేదు. కానీ ఏ ప్యానెల్ కొన్నా రెండు ప్రశ్నలు అడగండి: ఎంత కరెంటు ఇస్తుంది? ఎన్నేళ్లు ఇస్తుంది? రెండో ప్రశ్న మీ పిల్లలచేత అడిగించండి.