ఇంటి కంప్యూటర్‌లో పైగేమ్: చిక్కుల్లేకుండా ఎక్కించడానికి 16 చిట్కాలు

సొంతంగా ఓ కంప్యూటర్ గేమ్ తయారు చేయాలన్న ఉబలాటం చాలామంది పిల్లలకు ఉంటుంది. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవాళ్లు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఎలాగూ చదువుతున్నారు. అదే పైథాన్‌తో బొమ్మలు కదిలించి, శబ్దాలు వినిపించి, కీబోర్డుతో ఆడించే వీలు కల్పించే ఉచిత లైబ్రరీ పైగేమ్. పీట్ షిన్నర్స్ 2000లో దీన్ని మొదలుపెట్టారు. తెర, స్పీకరు, జాయ్‌స్టిక్‌లతో వ్యవహారమంతా శామ్ లాంటింగా రూపొందించిన ఎస్‌డీఎల్ అనే మరో లైబ్రరీ నడుపుతుంది. దాన్ని పైథాన్‌లో వాడుకునేలా చేసేదే పైగేమ్.

చాలామంది కోడ్ దగ్గర కాదు, దానికంటే ముందే, లైబ్రరీ ఎక్కించే దగ్గర ఆగిపోతారు. ఎర్రటి అక్షరాలు నాలుగు కనిపించగానే ‘ఇది మనవల్ల కాదు’ అని వదిలేస్తారు. నిజానికి వచ్చే తప్పులు చాలావరకు పిల్లల తెలివికి సంబంధించినవి కావు. వెర్షన్లు పొసగకపోవడం, ఒకే కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు ఉండటం, ఫైలుకు తప్పు పేరు పెట్టడం లాంటివే. వరస తప్పకుండా చేస్తే గంటలోపు అయిపోయే పని.

ఓ మాట ముందే చెప్పుకుందాం. కింద ఆదేశాలను చదివే తీరులో తెలుగులో ఇచ్చాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడాలి. ‘పై’ అంటే పి, వై అనే రెండు అక్షరాలు. ‘-ఎం’ అంటే మైనస్ గుర్తు, దానికి ఆనుకుని ఎం.

1. ముందు కంప్యూటర్ సంగతి తెలుసుకోండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే విండోస్ ఏదో, 32 బిట్టో 64 బిట్టో కనిపిస్తుంది. విండోస్ 10, 11 ఉంటే బెంగ లేదు. ఇంట్లో విండోస్ 7 ఉన్న పాత డెస్క్‌టాప్ ఉంటే పనికిరాదని పక్కన పెట్టకండి. పైథాన్ 3.9 నుంచి దానిపై నడవదు కానీ, 3.8 నడుస్తుంది. ఆ వరసలో ఇన్‌స్టాలర్‌తో వచ్చిన చివరిది 3.8.10. బంతాట, పాముల ఆట నేర్చుకోవడానికి అది చాలు.

2. కొత్త వెర్షనే మంచిదనుకోకండి. పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబర్‌లో వస్తుంది. దానికి సరిపడేలా లైబ్రరీలు తయారై రావడానికి కొన్ని నెలలు పడుతుంది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన పైగేమ్ 2.6.1నే తీసుకోండి. అందులో సిద్ధం చేసి పెట్టిన ఫైళ్లు పైథాన్ 3.13 వరకే ఉన్నాయి. 2025 అక్టోబర్‌లో వచ్చిన 3.14 మీద దాన్ని ఎక్కించబోతే తిప్పలు తప్పవు. అందుకే 3.13 ఎంచుకోండి. ఒక మెట్టు వెనక ఉండటం ఇక్కడ నష్టం కాదు, నిశ్చింత.

3. పైథాన్‌ను పైథాన్ డాట్ ఆర్గ్ నుంచే దించుకోండి. వెతికితే వచ్చే ‘ఉచిత డౌన్‌లోడ్’ సైట్ల జోలికి వెళ్లొద్దు. అసలు సైట్‌లో డౌన్‌లోడ్స్‌లోకి వెళ్లి, విండోస్ కింద ఉన్న విడుదలల జాబితాలో మీకు కావలసిన వెర్షన్ ఎదుట ‘విండోస్ ఇన్‌స్టాలర్ 64 బిట్’ (మీది 32 బిట్ అయితే ఆ రకం) నొక్కండి. దాని బరువు 30 ఎంబీ లోపే. ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా దిగిపోతుంది.

4. మొదటి తెరలోనే ఆగి, అడుగున చూడండి. ఇన్‌స్టాలర్ తెరవగానే కింద రెండు చిన్న గడులు ఉంటాయి. ‘యాడ్ పైథాన్ టు పాత్’ అనే గడికి టిక్ పెట్టండి. పైథాన్ ఎక్కడుందో కమాండ్ ప్రాంప్ట్‌కు, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీకి, తెలియజేసేది అదే. రెండోది అడ్మిన్ అనుమతికి సంబంధించినది. పిల్లల ఖాతాకు ఆ అనుమతి లేకపోతే ఆ టిక్ తీసేయండి. ఆ తర్వాతే ‘ఇన్‌స్టాల్ నౌ’ నొక్కండి.

5. ఎక్కిందో లేదో అప్పుడే చూసుకోండి. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొడితే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. అంతకుముందే తెరిచి ఉంటే మూసి మళ్లీ తెరవండి. ‘పై --వెర్షన్’ అని కొట్టండి, మైనస్ గుర్తులు రెండు. వెర్షన్ అంకె కనిపిస్తే సరే. ‘పైథాన్’ అని కొట్టినప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటే కంగారు పడొద్దు. కంప్యూటర్‌కు పైథాన్ దొరకనప్పుడు విండోస్ అలా స్టోర్‌కు దారి చూపిస్తుంది. స్టోర్‌ను మూసేసి, నాలుగో చిట్కాలోని గడి సంగతి మళ్లీ చూడండి.

6. అసలు ఆదేశం ఇదే. ‘పై -ఎం పిప్ ఇన్‌స్టాల్ పైగేమ్’ అని కొట్టి ఎంటర్ నొక్కండి. పిప్ అంటే లైబ్రరీలను దించి పైథాన్‌లోకి ఎక్కించే సాధనం. చాలా పుస్తకాల్లో ఉత్త ‘పిప్ ఇన్‌స్టాల్’ అని ఉంటుంది. అది ఏ పైథాన్‌కు చెందిన పిప్పో చెప్పలేం. ముందు ‘పై -ఎం’ చేరిస్తే, రేపు ఆటను నడపబోయే పైథాన్‌లోకే లైబ్రరీ వెళుతుంది. పైగేమ్ అక్షరాలు పి, వై, జి, ఏ, ఎం, ఇ. ఒక్క అక్షరం తేడా కొట్టినా వేరెవరో పెట్టిన వేరే ప్యాకేజీ దిగవచ్చు. ఇలాంటి పొరపాటు పేర్లతో హానికరమైన ప్యాకేజీలు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఎంటర్ నొక్కేముందు ఓసారి చదువుకోవడం అలవాటు చేయండి.

7. తెర మీద జారిపోయే వరసల్ని చదవండి. దిగుతున్న ఫైలు పేరు చివర ‘డాట్ డబ్ల్యూహెచ్ఎల్’ అని ఉంటే, మీ కంప్యూటర్ కోసం ముందే సిద్ధం చేసిన ఫైలు వస్తోందన్నమాట. అదే పేరులో ‘సీపీ313’ అంటే పైథాన్ 3.13కు సరిపడేదని, ‘విన్ ఏఎండీ64’ అంటే 64 బిట్ విండోస్‌దని అర్థం. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఏఎండీ అన్న మాట చూసి తికమక పడనక్కర్లేదు, వాళ్లకూ అదే. అలా కాకుండా పేరు చివర ‘టార్ డాట్ జీజెడ్’ అని ఉంటే సిద్ధమైన ఫైలు దొరకలేదని, మీ కంప్యూటరే దాన్ని మూలం నుంచి తయారు చేయబోతోందని తెలుసుకోండి. మామూలు ఇంటి కంప్యూటర్‌లో ఆ పని సాధారణంగా మధ్యలో ఆగిపోయి, పొడవాటి ఎర్ర వరసలు వస్తాయి. అప్పుడు పెద్ద పెద్ద సీ ప్లస్‌ప్లస్ సాఫ్ట్‌వేర్లు దించుకోకండి. రెండో చిట్కా ప్రకారం పైథాన్ వెర్షన్ మార్చండి. ఇక ‘పిప్ కొత్త వెర్షన్ వచ్చింది’ అనే సందేశం తప్పు కాదు, సమాచారం మాత్రమే.

8. కోడ్ రాయకముందే ఆట ఆడి చూడండి. పైగేమ్‌తో పాటే కొన్ని నమూనా ఆటలు వస్తాయి. ‘పై -ఎం పైగేమ్ డాట్ ఎగ్జాంపుల్స్ డాట్ ఏలియన్స్’ అని కొట్టండి. ‘డాట్’ అన్నచోట చుక్క పెట్టాలి, చుక్కకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. చిన్న కిటికీ తెరుచుకుని పైనుంచి గ్రహాంతరవాసులు వస్తారు. బాణం మీటలతో కింద ఉన్న బండిని జరపవచ్చు, స్పేస్ బార్‌తో కాల్చవచ్చు. బొమ్మ, శబ్దం, కీబోర్డు మూడూ పనిచేస్తున్నాయని దీంతో ఒకేసారి తేలిపోతుంది. తర్వాత మీ ఆటలో తప్పు వస్తే అది లైబ్రరీది కాదు, కోడ్‌లోదేనని ధైర్యంగా వెతుక్కోవచ్చు.

9. ‘పైగేమ్ అనే మాడ్యూల్ లేదు’ అంటే రెండు పైథాన్‌లు ఉన్నాయేమో చూడండి. ఎక్కించామని తెలుసు, అయినా కోడ్ రాసే ఎడిటర్ లేదంటుంది. ఇలా జరగడానికి ముఖ్య కారణం లైబ్రరీ ఒక పైథాన్‌లో ఉండి, ఎడిటర్ మరొకదాన్ని నడపడం. ‘పై --లిస్ట్’ అని కొడితే కంప్యూటర్‌లో ఉన్న పైథాన్‌ల జాబితా వస్తుంది. అక్కర్లేని పాతదాన్ని తీసేయండి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వాడుతుంటే, పైథాన్ ఫైలు తెరిచి ఉండగా కింద కుడివైపు కనిపించే పైథాన్ వెర్షన్‌పై నొక్కి సరైనదాన్ని ఎంచుకోండి.

10. మీ ఫైలుకు పైగేమ్ అని పేరు పెట్టకండి. ఉత్సాహం కొద్దీ పిల్లలు మొదటి ఫైలుకు ‘పైగేమ్ డాట్ పై’ అని పేరు పెడతారు. అప్పుడు పైథాన్ అసలు లైబ్రరీకి బదులు ఆ ఫైలునే తెరుస్తుంది, ‘పైగేమ్‌లో ఇనిట్ లేదు’ అని మొరాయిస్తుంది. ‘ర్యాండమ్’, ‘మ్యాథ్’ లాంటి పేర్లూ వద్దు. ‘బంతాట’, ‘గాలిపటం’ అని మన మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకుంటే ఏ లైబ్రరీతోనూ పేచీ రాదు.

11. ఫైళ్ల తోకలు కనిపించేలా పెట్టుకోండి. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి భాగాన్ని దాచేస్తుంది. నోట్‌ప్యాడ్‌లో రాసి దాచిన ‘ఆట డాట్ పై’ నిజానికి ‘ఆట డాట్ పై డాట్ టీఎక్స్‌టీ’ అయి ఉండవచ్చు. బంతి బొమ్మ పేరు ‘డాట్ పీఎన్‌జీ డాట్ పీఎన్‌జీ’ అయి కూర్చోవచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని వ్యూ మెనూలో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’కు టిక్ పెడితే అసలు పేరు బయటపడుతుంది. బొమ్మలు, శబ్దాలు కోడ్ ఉన్న ఫోల్డర్‌లోనే ఉంచితే ‘ఫైలు దొరకలేదు’ అన్న తప్పు చాలావరకు తగ్గుతుంది.

12. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో అర పెట్టండి. ఆవకాయ గరిటె మాగాయ జాడీలో పెట్టం కదా, అలాగే ఒక ప్రాజెక్టు లైబ్రరీలు మరోదానితో కలవకుండా చూసుకోవాలి. ‘పై -ఎం వెన్వ్ ఆట’ అని కొడితే ‘ఆట’ అనే పేరుతో విడి ఫోల్డర్ తయారవుతుంది. వెన్వ్ అంటే వి, ఇ, ఎన్, వి. ఆ ఫోల్డర్‌లోని స్క్రిప్ట్స్‌లో ఉండే ‘యాక్టివేట్’ను నడిపితే, వరస మొదట్లో బ్రాకెట్లలో ఆ పేరు కనిపిస్తుంది. అప్పుడు పైగేమ్ ఎక్కించండి. విండోస్‌లోని మరో ఆదేశాల కిటికీ పవర్‌షెల్ వాడుతున్నప్పుడు అది ‘స్క్రిప్టులు నడపడానికి అనుమతి లేదు’ అంటే, భద్రతా సెట్టింగులు మార్చకుండా కమాండ్ ప్రాంప్ట్‌లోనే పని కానివ్వండి.

13. రెండు పైగేమ్‌లను కలిపి ఎక్కించవద్దు. పైగేమ్ తయారీలో పాలుపంచుకున్న కొందరు 2023లో ‘పైగేమ్-సీఈ’ అనే మరో శాఖను నడపడం మొదలుపెట్టారు. అదీ ఉచితమే, మంచిదే. రెండింటినీ కోడ్‌లో ‘పైగేమ్’ అన్న ఒకే పేరుతో పిలుస్తారు కాబట్టి రెండూ ఉంటే ఒకదాని ఫైళ్లపై మరొకటి పడుతుంది. మారాలనుకుంటే ముందు ‘పై -ఎం పిప్ అన్‌ఇన్‌స్టాల్ పైగేమ్’ అని పాతదాన్ని తీసేసి, ఆ తర్వాతే కొత్తది ఎక్కించండి.

14. నెట్ లేని చోటికి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ఊళ్లోని బడి ల్యాబ్‌లో నెట్ లేకపోయినా ఆగనక్కర్లేదు. నెట్ ఉన్న కంప్యూటర్‌లో ‘పై -ఎం పిప్ డౌన్‌లోడ్ పైగేమ్’ అని కొడితే పది ఎంబీ చిల్లర బరువున్న ఒక ఫైలు దిగుతుంది. పైగేమ్‌కు తోడుగా వేరే లైబ్రరీలు అవసరం లేదు కనుక ఆ ఒక్కటీ చాలు. పైథాన్ ఇన్‌స్టాలర్‌తో పాటు దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి, ‘పై -ఎం పిప్ ఇన్‌స్టాల్’ పక్కన ఆ ఫైలు పూర్తి పేరు ఇవ్వండి. రెండు చోట్లా పైథాన్ వెర్షన్, బిట్లు ఒకటే ఉండాలన్నది మరవొద్దు. ఒక్క పెన్‌డ్రైవ్‌తో ల్యాబ్ మొత్తానికి ఎక్కించవచ్చు.

15. విండోస్ బదులు లినక్స్ రకాలైన ఉబుంటు, డెబియన్ వాడేవాళ్ల దారి వేరు. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో నేరుగా ఎక్కించనివ్వరు. ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అంటూ పిప్ ఆగిపోతుంది. అది సిస్టమ్ పాడవకుండా పెట్టిన కాపలా. దాన్ని బలవంతంగా దాటే ఆదేశాలు వాడొద్దు. ‘సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-పైగేమ్’ అంటే సరిపోతుంది. లేదా పన్నెండో చిట్కాలోలా విడి అర కట్టుకోండి. అక్కడ ‘పై’ బదులు ‘పైథాన్3’ అని కొట్టాలి.

16. మొదటి కోడ్‌లో మూడు విషయాలు, తెలుగు రాత సంగతి గుర్తుంచుకోండి. కిటికీ తెరుచుకుని ‘నాట్ రెస్పాండింగ్’ అంటే ఎక్కించడంలో లోపం కాదు, లూపులో ‘పైగేమ్ డాట్ ఈవెంట్ డాట్ గెట్’ లేదన్నమాట. అంతా నల్లగా ఉంటే ‘డిస్‌ప్లే డాట్ ఫ్లిప్’ మరిచారేమో చూడండి. ల్యాప్‌టాప్ వేడెక్కి ఫ్యాన్ హోరెత్తుతుంటే ‘క్లాక్ డాట్ టిక్’లో 60 అని ఇవ్వండి. సెకనుకు 60 బొమ్మలు మించకుండా ఆట నెమ్మదిస్తుంది. ఇక స్కోరు, ఆట పేరు తెలుగులో చూపాలంటే విండోస్‌లోని నిర్మల, గౌతమి లాంటి తెలుగు ఫాంటు ఇవ్వాలి. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడుతుంటే ఫాంటుకు ‘సెట్ స్క్రిప్ట్’లో తెలుగు లిపి సంకేతం ఇవ్వండి. టి, ఇ, ఎల్, యు అనే నాలుగు అక్షరాలే ఆ సంకేతం, మొదటిది మాత్రం పెద్ద అక్షరం. అదీ కుదరకపోతే మాటల్ని బొమ్మగా చేసి పీఎన్‌జీ ఫైలుగా వాడుకోండి.

పెద్దలకు ఒక్క మనవి. ఈ ఆదేశాలన్నీ పిల్లల చేతే టైప్ చేయించండి. తప్పు వస్తే మౌస్ లాక్కోకుండా, చివరి వరసను వాళ్లచేతే బయటికి చదివించండి. అసలు కారణం చాలాసార్లు ఆ చివరి వరసలోనే ఉంటుంది. లైబ్రరీకి డబ్బు కట్టక్కర్లేదు, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, తయారు చేసిన ఆటను రేపు అమ్ముకోవడానికీ దాని లైసెన్సు అడ్డు రాదు. ఈ ఆదివారం ఓ గంట పిల్లల పక్కన కూర్చోండి, ఏలియన్స్ ఆట తెరుచుకునే దాకా లేవకండి.