ఉద్యోగార్థికి హనుమంతుని పాఠము

శామీర్‌పేట చేరువ తుర్కపల్లి పరిసరములలో 1999లో ఆరంభమైన జీనోమ్ వ్యాలీయందు టీకాలు, ఔషధములు తయారుచేయు సంస్థలు పెక్కు కలవు. అచట కొలువు గోరి వచ్చి, ఒక్కచోట కాదనగానే దిగులుతో ఇల్లు చేరు యువకులును కలరు. అట్టివారికి హనుమంతుని చరిత్రయే పాఠము.

లంకయంతయు వెదకినను సీతమ్మ కానరాక హనుమ క్రుంగిపోయెను. అంతలోనే, దిగులు చెందకుండుటయే సిరికి మూలమని తలచి, చూడని తావులను వెదకసాగెను. ఉద్యోగార్థియు ఇంకను తట్టని వాకిలిని చూచుకొనవలెను. దరఖాస్తుకు ముందే ఆ సంస్థ చేయు పనిని తెలిసికొనవలెను. ఉద్యోగమిప్పింతునని సొమ్మడుగు దళారిని నమ్మరాదు.

కిష్కింధాకాండమున హనుమ తొలిపలుకులను శ్రీరాముడు లక్ష్మణునితో మెచ్చుకొనెను. ఆ మాటలలో తప్పు లేదు, సాగదీత లేదు, స్వరము మధ్యమము. ఇంటర్వ్యూలో అట్లే బదులీయవలెను; తెలియనిచో తెలియదనవలెను.

కొలువు దొరికిన పిదప మెలగు తీరును హనుమయే చూపెను. సముద్రము దాటి వచ్చి, తోటి వానరులకు ముందుగా సీతను చూచితినని చెప్పెను; తన శ్రమను పిదప వివరించెను. కార్యసిద్ధిని రాముని అనుగ్రహమునకు, సహచరుల తేజస్సునకు అర్పించెను. మనమును అధికారికి ముందు ఫలితము తెలుపవలెను. మెప్పును తోటివారితో పంచుకొనవలెను.

తల్లిదండ్రులకును ఒక మాట. “ఇంకను ఉద్యోగము రాలేదా?” అని బిడ్డను గుచ్చరాదు. సముద్రతీరమున మౌనముగా కూర్చున్న హనుమకు జాంబవంతుడు ఆతని బలమునే గుర్తుచేసెను.