రాళ్ల డ్రమ్ము మోటారుకు నూనె పెట్టే పద్ధతి

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు ఇరుసుకు కందెన ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాప్ నడపడం మొదలుపెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా అందులో పనిచేశాయి. రోలర్ బేరింగులు రాకముందు పెట్టెల ఇరుసుల దగ్గర నూనెలో నానబెట్టిన కాటన్ వేస్టు కుక్కేవారు. అది ఎండినా, అందులో ఇసుక పడినా ఇరుసు వేడెక్కేది. హాట్ యాక్సిల్ అని బండి ఆపేసేవారు.

గులకరాళ్లకు మెరుగుపెట్టే రాక్ టంబ్లర్ చిన్న మోటారులో చాలావరకు అదే ఏర్పాటు: కంచు బుష్షు, దాని చుట్టూ నూనె పీల్చుకున్న ఫెల్టు. టేబుల్ ఫ్యానుకైనా కాస్త విశ్రాంతి ఉంటుంది. దీనికి లేదు. ఒక్కో రకం కార్బోరండమ్ పొడితో వారం చొప్పున, నెలకు పైగా రాత్రింబవళ్లు తిరుగుతుంది. పైగా చెకుముకిని అరగదీసే ఆ పొడికి కంచు ఒక లెక్క కాదు. అందుకే ఈ పనిలో సగం తుడవడమే అంటాను. దుమ్ము తుడవకుండా నూనె పోస్తే, ఆ నూనే పొడిని బుష్షులోకి మోసుకుపోతుంది.

పొడి మార్చేటప్పుడు డ్రమ్ము ఎలాగూ దించుతారు, మోటారు పనికి అదే అదను. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయండి. డ్రమ్మును దూరంగా తీసుకెళ్లి బకెట్లో కడగండి. ఆ బురద తూములో పోస్తే అడుగున గట్టిపడి మూసేస్తుంది. తర్వాత రోలర్లు, చట్రం పొడిగుడ్డతో, మోటారు గాలి రంధ్రాలు పెయింటు బ్రష్షుతో శుభ్రం చేయండి. తడిగుడ్డ మోటారు జోలికి వెళ్లకూడదు.

ఇప్పుడు బెల్టు తీసి షాఫ్టును వేళ్లతో తిప్పండి. సులువుగా తిరిగి, వదిలాక ఇంకాస్త తిరగాలి. బరువుగా కదిలి టక్కున ఆగిందంటే పాత నూనె జిగురుగా మారింది. షాఫ్టు పక్కలకు ఊగుతుంటే మాత్రం బుష్షు అరిగిపోయింది. దానికి నూనె మందు కాదు, బుష్షు మార్చాల్సిందే. ముందుకూ వెనక్కూ వెంట్రుకవాసి కదలిక సహజం.

బుష్షులు రెండు, ముందొకటి వెనకొకటి. వెనకదాన్ని చాలామంది మరిచిపోతారు. నూనె రంధ్రం ఉంటే అందులో, లేకపోతే షాఫ్టు బుష్షులోకి దూరే చోట రెండు మూడు చుక్కలు వేసి షాఫ్టును నెమ్మదిగా తిప్పండి. కాసేపటికి అంచున నల్లటి వలయం ఊరుతుంది. అది అరిగిన కంచు, పాత జిడ్డు. తుడిచి, మరో చుక్క వేసి, నూనె తేటగా వచ్చేదాకా తిప్పండి. పావుగంట ఆగితే ఫెల్టు పీల్చుకుంటుంది. మిగిలింది తుడిచేయండి, లేకపోతే తీగ చుట్ల మీదికి కారుతుంది.

ఏ నూనె? డిటర్జెంటు కలవని ఎస్‌ఏఈ 20 మోటారు నూనె మేలు. కుట్టుమిషన్ నూనె పలుచన, పనికొస్తుంది గానీ తరచూ వేయాలి. కొబ్బరినూనె వద్దే వద్దు. ఖరగ్‌పూర్ చలికాలపు రాత్రుల్లో గడ్డకడుతుంది, తర్వాత బంక అవుతుంది. గ్రీజు కూడా వద్దు, దాన్ని ఫెల్టు పీల్చుకోలేదు. మీది సీలు వేసిన బాల్ బేరింగు మోటారైతే ఈ నూనె పని అసలే లేదు. గరగరమన్న రోజున బేరింగు మార్చుకోవడమే.

రోలర్ల కొనలకు కంచు బుష్షులుంటే అక్కడా ఒక్కో చుక్క. రోలరు ఒంటికి గానీ బెల్టుకు గానీ నూనె తగలకూడదు, డ్రమ్ము జారుతుంది. బెల్టు మరీ బిగుతైతే షాఫ్టును ఒకవైపే లాగి బుష్షును కోలగా అరగదీస్తుంది. వేలితో నొక్కితే కొద్దిగా వంగేలా ఉండాలి.

ముందు డ్రమ్ము లేకుండా కాసేపు నడపండి, తర్వాత ముప్పాతికకు మించకుండా రాళ్లు నింపి ఎక్కించండి. గంట తర్వాత ప్లగ్గు పీకి మోటారు మీద చెయ్యి పెట్టండి. వేడి ఉంటుంది, చెయ్యి ఆనలేనంత ఉంటే బరువు, బెల్టు, గాలి ఆడే చోటు మళ్లీ చూసుకోండి. కాలిన వాసన వస్తే ఇక నడపకుండా వైండింగ్ షాపుకు పట్టుకెళ్లండి. నీళ్ల పక్కన రాత్రంతా నడిచే యంత్రం ఇది, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు లేకుండా మాత్రం పెట్టకండి.