గౌట్ మందు మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 48. బొటనవేలి కీలు వాచి నొప్పి వస్తే గౌట్ అన్నారు. యూరిక్ యాసిడ్ 9.2 ఉంది. అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన నెలలోపే మళ్లీ నొప్పి రావడంతో మానేశాను. పప్పు కూడా తినడం లేదు. ఇది సరైనదేనా?
– ఒక పాఠకుడు

జవాబు: మందు మానొద్దండీ. ఆ నొప్పి మందు వికటించి వచ్చింది కాదు. రక్తంలో యూరిక్ యాసిడ్ సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే కీళ్లలో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. మందుతో ఆ స్థాయి తగ్గితే అవి కరగడం మొదలవుతుంది. ఆ కదలికకే కీలు మళ్లీ వాస్తుంది. అందుకే తొలి 3–6 నెలలు తక్కువ మోతాదులో కోల్చిసిన్ అనే మందు తోడుగా ఇస్తారు. మీకు ఇచ్చారో లేదో అడగండి.

అల్లోప్యూరినాల్ సాధారణంగా 100 మిల్లీగ్రాములతో (కిడ్నీ సమస్య ఉంటే ఇంకా తక్కువతో) మొదలుపెట్టి, రక్తపరీక్ష చూస్తూ పెంచాలి. యూరిక్ యాసిడ్ 6 లోపు, గడ్డలు కట్టి ఉంటే 5 లోపు నిలవాలి. స్ఫటికాలు పూర్తిగా కరగడానికి ఏళ్లు పట్టొచ్చు. నొప్పి లేదని మధ్యలో ఆపితే మళ్లీ పేరుకుంటాయి. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టర్‌ను కలవాలి.

పప్పు నిక్షేపంగా తినండి. తగ్గించాల్సింది బీరు, కాలేయం లాంటి మాంసాలు, తీపి కూల్‌డ్రింకులు. పథ్యం ఒక్కటే 9.2ను 6కు దించడం చాలా అరుదు.